బెట్టకు పెట్టిన బత్తాయి తోట

మా ముత్తాత మూడు ఊళ్లకు మాలీ పటేలు, శిస్తు వసూలంతా ఆయన చేతి మీదుగానే జరిగేది. మా తాత పోలీసు పటేలు. సూర్యాపేట నుంచి ఏ అధికారి వచ్చినా మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగాకనే ఊళ్లోకి అడుగు పెట్టేవాడు. మా నాయన కాలానికి పటేలరికం రద్దయింది, భూములు కొన్ని సీలింగులో, కొన్ని దాయాదుల తగాదాల్లో పోయాయి, అయినా ఊరంతా ఆయన్ను పటేలా అనే పిలిచేది, ఆయన ఆ పిలుపుకే పలికేవాడు. ఆ ఇంటికి నేను ఒక్కతినే సంతానం. ఈ సంగతి ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇది తెలియకుండా ఒక తోట ఎట్లా పోయిందో చెప్పినా మీకు నమ్మబుద్ధి కాదు.

మొన్న మార్గశిరంలో, మిర్యాలగూడలో నేను కిరాయికి ఉంటున్న ఇంటి డాబా మీద, నీలం డ్రమ్ములో పెంచుకుంటున్న నిమ్మచెట్టు దగ్గర నిలబడి ఉంటే, ఇంటివాళ్ల కోడలు బట్టలు ఆరేయడానికి వచ్చి, ఆకులు యేలాడబడ్డయి పెద్దమ్మా, రెండు చెంబులు పొయ్యాల్నా అని అడిగింది. బెట్టకు పెట్టిన, ఇంకా టైం కాలేదు అన్నాను. అన్న మరుక్షణం ఆ మాట నాది కాదనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా నేను వినని గొంతు అది.

బత్తాయి, నిమ్మ పెంచిన మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, చలికాలంలో ఆ చెట్లకు కావాలనే నీళ్లు ఆపేస్తారు. ఆకులు వాడి, కొన్ని రాలి, చెట్టు బాగా దప్పికగొన్నాక పాదులు తవ్వి, పెంట వేసి, మెల్లగా తడి పెడితే, అప్పటిదాకా నిద్రపోయినట్టున్న కొమ్మలన్నీ ఒక్కసారిగా పూతకొస్తాయి. దీన్నే బెట్టకు పెట్టడం అంటాం. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు విడవాలి అన్నదాంట్లోనే ఉంటుంది తోటమాలితనమంతా. తొలి తడి ఎప్పుడూ తేలికగా ఉండాలి, పాదు తడిసీ తడవనట్టు. ఎండిన వేళ్లకు ఒక్కసారే నిండా పెడితే చెట్టు తట్టుకోలేదు.

మాకు అన్నీ పోగా మిగిలింది ఇంటి వెనక ఎకరమో కొంచెం ఎక్కువో పెరటితోట. మధ్యలో రాతి బావి, చుట్టూ మా తాత పెట్టించిన బత్తాయిలు, గోడవారగా నిమ్మలు, వంటింటి వైపు కూరగాయల మళ్లు. ఆ మళ్లకు యజమాని మా నాయనమ్మ. కార్తీకం వెళ్లేసరికి చిక్కుడు పందిరి గట్టి చేయించి, ధనియాలు అరచేతిలో నలిపి చల్లి, మెంతికూర, ముల్లంగి వేసి, ఎండపొద్దున పీట వేసుకుని కూర్చునేది. కూర్చుని ఊరుకునేది కాదు; పుల్లతో నేల మీద గీతలు గీస్తూ ఈ మడి ఖాళీ అయితే బీర, ఆ మడిలో దోస, బావి పక్క సొరపాదు అని వేసవి మొత్తం పుష్యంలోనే కళ్ల ముందు పరిచేది. విత్తనాలను బూడిదలో కలిపి మూటలు కట్టి దూలానికి వేలాడదీసేది. మా నాయన ఎండుపుల్లలు కత్తిరించి, మైలుతుత్తం, సున్నం కలిపి చెట్ల మొదళ్లకు తన చేత్తోనే పూసేవాడు. కూలివాళ్లను పెట్టుకునే స్థితి అప్పటికే లేదు, కానీ అది నాకిష్టమైన పని అని చెప్పుకునేవాడు. మాకూ ఆయన ఇష్టంగానే చేస్తున్నాడనిపించేది.

మా ఊరు కాల్వకు పైన పడింది. సాగర్ నీళ్లు కింద హాలియా, మిర్యాలగూడ వైపు పారుతుంటే మా వైపు ఆకాశాన్ని చూడడమే. వరుసగా వానలు మొహం చాటేసిన ఆ ఏడు, తోటను బెట్టకు పెట్టిన కొద్ది రోజులకే బావి అడుగు తేలింది. ఆ సంగతి ముందు తెలిసింది మా నాయనకొక్కడికే. ఇంట్లో కూడా చెప్పలేదు. తాగడానికీ వాడుకకూ మేం ఊరి చేతిపంపు నుంచే తెచ్చుకునేవాళ్లం, మళ్లకు అడుగున ఊరిన నీళ్లు ఆయనే చేది పోసేవాడు, కాబట్టి మాకు అనుమానం రాలేదు. సంక్రాంతి వెళ్లింది, తడి పెట్టాల్సిన రోజులొచ్చాయి, ఆయన మాత్రం ఇంకా టైం కాలేదు అంటూ వచ్చాడు. ఒకరోజు ఆయన లేనప్పుడు మళ్లలో చల్లడానికని నాయనమ్మ చేద వేస్తే బురద వచ్చింది. ఆమె ఆ చేదను అట్లాగే గట్టు మీద పెట్టి, దగ్గర్లోని బత్తాయి బెరడును గోటితో గీరి, లోపల ఇంకా పచ్చగానే ఉందని చూసుకుని, లోపలికి వచ్చి పడుకుంది. ఆ రోజు అన్నం తినలేదు.

మా పెరటి గోడకు ఆనుకునే మందాయన పొలం. వాళ్లవి గొర్రెల మందలు. ఆయన తండ్రి కాలం నుంచీ ప్రతి చలికాలం పెంట కోసం మా తోటలో కొన్నాళ్లు మంద కట్టేవాళ్లు, ప్రతిఫలంగా మా ఇంటి నుంచి వడ్లు వెళ్లేవి. అప్పటికి వడ్లిచ్చే రోజులు పోయాయి గానీ, మంద మాత్రం వచ్చేది. ఆ ఏడు ఆయన పొలంలో బోరు వేస్తే నీళ్లు బాగా పడ్డాయి. గోడ మీదుగా మా చెట్లను చూసి, పటేలా, పైపు గోడ మీదికెళ్లి ఏస్త, తడి పెట్టుకోరాదుండ్రి అన్నాడు. మా నాయన తలెత్తకుండానే, బెట్టకు పెట్టినం, ఇంకా టైం కాలేదు అన్నాడు. వారం తర్వాత మళ్లీ అడిగితే అదే జవాబు. హోటలు దగ్గర మాటలు మొదలయ్యాయి. పటేలు తోట శివరాత్రి రాకముందే ఉపాసం పట్టింది అని నవ్వుకున్నారట. ఆ మాట మా ఇంటిదాకా మోసుకొచ్చిన వాళ్లు కూడా నవ్వుతూనే చెప్పారు.

మూడోసారి మందాయన నవ్వలేదు.

"బెట్టకు పెట్టిన్రా పటేలా, సావుకు పెట్టిన్రా? నోరు లేని చెట్లు, ఎవల్ని అడుగుతయి?"

మా నాయన కత్తెర కింద పెట్టి ఇంట్లోకి వచ్చేశాడు. అప్పటికి ఆకులన్నీ గొట్టాల్లా చుట్టుకుపోయాయి, కొమ్మ విరిస్తే పుటుక్కుమనేది. అమ్మ బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు మోసుకెళ్లి వంటింటి వైపు చెట్లకు పోసేది. నేను స్నానం నీళ్లు మిగిల్చి తీసుకెళ్లేదాన్ని. అన్ని చెట్లకు అది ఏ మాత్రం? ఏ చెట్టుకు పొయ్యాలో, దేన్ని వదిలెయ్యాలో తేల్చుకోలేక అమ్మ బిందె పట్టుకుని తోట మధ్యలో నిలబడిపోయేది. ఆ తోట పోతే మాకు తిండి ఉండదని కాదు ఆమె భయం. ఆ తోట పోతే మా నాయన ఊళ్లో తిరగడు, తిరగకపోతే బతకడు అని.

చివరికి అమ్మ కొంగు కప్పుకుని మందాయన ఇంటికి నడిచి వెళ్లింది. మా ఇంటి ఆడవాళ్లెవరూ ఆ గడప తొక్కి ఏదీ అడిగి ఎరుగరు. వాళ్లావిడ కంగారుపడి మంచం దులిపి వేస్తే, కూర్చోకుండానే, చెల్లె, జరన్ని నీళ్లియ్యిండ్రి అని మాత్రం అన్నదట. మందాయన అప్పటికప్పుడు పైపు గోడ దాటించాడు.

నీళ్లు పడుతున్న చప్పుడు వినగానే మా నాయన లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వద్దనలేదు, ఆపలేదు. కానీ పరాయి నీళ్లు పారుతుంటే పక్కన నిలబడి, ఇంత చాలు, అంత చాలు అని చెప్పడం ఆయన వల్ల కాలేదు. పెట్టేవాడి చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుందనుకున్నాడేమో. అటు మందాయన, పటేలు తోటకు చారెడు నీళ్లు పెట్టి వచ్చానంటే నలుగురిలో తలవంపులనుకున్నాడు. తన జొన్నకు ఆపి మరీ మా తోటకు విడిచాడు. నాయనమ్మ గడపలో నిలబడి, చాలు బిడ్డా, ఇగ మలుపు అని కేకేస్తే, మీకు తక్కువ జేస్తనా అమ్మా అని ఇంకో పాదుకు మళ్లించాడు. పగలంతా, మర్నాడు కూడా పారింది. పాదులు నిండి, కాలువలు నిండి, తోట మొత్తం చెరువులా నిలిచింది. అమ్మ ఆ నీళ్లలో చీలమండలదాకా దిగి, ఆ రోజే మొదటిసారి నవ్వింది.

వారం తిరక్కుండా ముడుచుకున్న ఆకులు కూడా రాలిపోయాయి. మొదళ్లలో బెరడు పగిలి బంక కారింది. పూత కోసం రోజూ పొద్దున్నే వెళ్లి కొమ్మల చివర్లు చూసేవాళ్లం, నలుగురం నాలుగు వేళల్లో, ఒకరికొకరు చెప్పుకోకుండా. మందాయన గోడ దగ్గరికి వచ్చి తలపాగా తీసి, నా చేతుల్తోనే చేసిన్నా పటేలా అన్నాడు. మా నాయన, నీ తప్పేం లేదు, చెట్లు పాతవి అన్నాడు. మా నాయన నోట నేను విన్న అబద్ధాల్లో అంత పెద్దది, అంత మర్యాదైనది ఇంకోటి లేదు.

ఇప్పుడు ఆ వైపు ఊళ్లకు కూడా కాల్వ నీళ్లు వస్తున్నాయంటారు. ఏ తోట చూసినా సన్నటి నల్ల పైపులు, చెట్టుకింత అని చుక్కలు చుక్కలుగా పడే నీళ్లు. ఎవరూ ఎవరి గోడ దగ్గరికీ పోనక్కర్లేదు, ఎవరూ చాలు అని చెప్పనక్కర్లేదు. మంచిదే. కానీ నీళ్లు అడగడానికీ, ఇవ్వడానికీ మనుషులు అంతగా మథనపడిన కాలం ఒకటుండేదంటే ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. ఆ సిగ్గూ ఆ మర్యాదా కలిసే మా చెట్లను చంపాయని నాకు తెలుసు. అయినా ఆ ఇద్దరిలో ఎవరి మీదా ఈ రోజుకీ కోపం తెచ్చుకోలేకపోతున్నాను.

ఆ వేసవిలో బత్తాయి చెట్లను కొట్టించి, కట్టెల కింద కోదాడ ఇటుక బట్టీకి అమ్మేశాం. మరుసటి ఏడు తోట భూమిని సూర్యాపేట వ్యాపారి ఒకాయన కొన్నాడు. ఎండిన బావికి విడిగా ధర కట్టలేదు, భూమితో పాటే ఇచ్చేశాం.