డే కేర్‌లో మా అత్త అన్నం తిన్న రోజు

విత్తనానికని దాచిన శెనక్కాయలు మా అత్త వేయించి పళ్లెంలో పోసుకొచ్చిన రోజే నా గుండె జారింది. పస్తులున్నా ఆ మూట మీద చెయ్యి వెయ్యనిచ్చే మనిషి కాదు ఆమె.

"ఏందత్తా, ఇవి ఇత్తనాలు గదా?"

"ఏ ఇత్తనాలు? ఏడిగుండాయి, తినుమే."

మా ఆయన పోయినప్పటి నుంచి కదిరిలో అత్తా నేనూ ఇద్దరమే. బడిలో మధ్యాహ్న భోజనం వండేది నా పని. అది మానితే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

అనంతపురం తీసుకుపోతే రక్తపరీక్షలు చేశారు, సీటీ స్కాన్ తీశారు. రిపోర్టు చదవడం నాకు రాదు. డాక్టరమ్మే నోటితో చెప్పింది. "ఇది డిమెన్షియా అమ్మా, మతిమరుపు జబ్బు. పూర్తిగా నయం కాదు. టాబ్లెట్లు ఆపొద్దు. ఒంటరిగా మాత్రం వదలొద్దు."

పక్కింటామెకు అప్పజెప్పి పనికి పోయేదాన్ని. ఒకనాడు ఆమె కన్నుగప్పి అత్త రోడ్డెక్కింది. ఎండలో ఎంత దూరం నడిచిందో, అరికాళ్లు బొబ్బలెక్కి రైలు గేటు దగ్గర దొరికింది. "నా వల్ల గాదు అంజనమ్మా" అని పక్కింటామె చేతులెత్తేసింది.

అప్పుడు డాక్టరమ్మ కదిరిలోనే ఉన్న డే కేర్ సంగతి చెప్పింది. పొద్దున వదిలి సాయంత్రం తెచ్చుకోవచ్చు. దేవుడు దారి చూపించాడనుకున్నాను. కానీ అత్త ఆడ మెతుకు ముట్టలేదు.

"నీరసమొచ్చి పడిపోతే మేమేం జెయ్యల్ల? ఇంకో రెండు దినాలు చూస్తాం, అంతే" అంది అక్కడి ఆయా రామక్క.

సెలవు పెట్టి నేనే పోయి కూర్చున్నాను. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, టీవీ పెట్టి, ప్లేటు చేతికిచ్చారు. అత్త దాన్ని తోసేసింది.

"పని జెయ్యకుండా కూడు యాడిదిమే? నేనేమన్నా అడుక్కునేదాన్నా?"

బతుకంతా కూలికి పోయి, పని చేసినాకే సంగటి ముద్ద తిన్న మనిషి మరి! మర్నాడు చేటలో శెనక్కాయలు పోసుకుపోయి, ఆమెను నేల మీద కూర్చోబెట్టి ఒలవమన్నాను.

రామక్క పకపకా నవ్వింది. "మీయత్తను ఈడ కూలికి పెడ్తాండావా?"

"పెడ్తాండా. నువ్వే మేస్త్రివి. మధ్యాన్నం 'లెయ్ లక్ష్మక్కా, కూటికి పొద్దయింది' అని గట్టిగా పిలువు."

రామక్క అట్లే పిలిచింది. అత్త చీర దులుపుకుని లేచి, చేతులు కడుక్కుని, పళ్లెంలో అన్నమంతా తినింది. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు నేను నిశ్చింతగా వంటకు పోతున్నాను. అత్తకు నా పేరు గుర్తుండదు. అయినా ముఖం తేటపడింది, ఒళ్లు కుదుటపడింది. తోటి ముసలమ్మలు కూడా ఆ చేట చుట్టూ చేరారు. వాళ్ల మీద అత్త అజమాయిషీ చూడాలి!

మీ వాళ్లను డే కేర్‌లో వదిలేటప్పుడు మందుల సంగతి ఒక్కటే చెప్పి రావద్దు. ఇన్నాళ్లూ ఏ పని చేసి, ఎట్లా కూర్చుని అన్నం తిన్నారో కూడా చెప్పండి.

మొన్న సాయంత్రం పిలుచుకు రావడానికి పోయి, చేటలోంచి ఒక గింజ నోట్లో వేసుకోబోయాను. అత్త చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఏయ్, పెట్టుమే ఆడ! అవి ఇత్తనాలు!"

గింజ చేటలో వేసేశాను.