సిలిండర్ మీద బాపు గోరు

మా తమ్ముడు చెట్లు కోసే మిషన్‌ను గోనెసంచిలో చుట్టి తెచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. చుట్టి తెచ్చాడంటే ఏదో ఘనకార్యం చేసి ఉంటాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. రాజేంద్రనగర్‌లో గాలివానకు విరిగిన కొమ్మలు కోస్తుంటే ఆయిల్ కలిపిన పెట్రోల్ అయిపోయిందట. మా తమ్ముడు దొరగారు తన బైకు ట్యాంకులోకి పైపు పెట్టి లాగి, ఉత్త పెట్రోల్ పోశాడట.

"బండికి నడుస్తది గద అక్కా, జరసేపే గద అనుకున్న."

బైకు ఇంజనుకు ఆయిల్ విడిగా ఉంటుంది. ఈ మిషన్‌కు పెట్రోల్‌లో కలిసి వచ్చే ఆయిలే దిక్కు. అది లేక పిస్టన్ కరిగి, సిలిండర్ గోడకు అంటుకుని, ఇంజన్ పట్టేసింది.

శంషాబాద్ నుంచి మామిడిపల్లి పోయే దారిలో మాది ఒక్క షట్టర్ దుకాణం. బాపు పెట్టిందే. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఇప్పుడు విప్పడం, బిగించడం నా పని, తీర్పు చెప్పడం ఆయన పని. సిలిండర్ కడిగి ఇస్తే లోపలికి వేలు పోనిచ్చి గోటితో గోడ వెంట నెమ్మదిగా గీస్తాడు. గోరు జారిపోతే మళ్ళీ వాడొచ్చు, ఎక్కడైనా ఆగితే పారేయాల్సిందే. మా దుకాణంలో ఆ గోటికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

పుల్లకు గుడ్డ చుట్టి, యాసిడ్‌లో ముంచి, గోడకు అంటిన లోహాన్నంతా కరిగించాను. మరకలు పోయాయి. పొగ బయటికి వెళ్ళే రంధ్రం పక్కన మాత్రం సన్నని గీత ఒకటి మిగిలింది. నా గోరు అక్కడ ఆగింది. పాత స్కూటర్లకు లాగా గీత పోయేదాకా లోపల అరగదీసి దీనికి బోరు కొట్టించడం కుదరదు. లోపల ఉన్నది పల్చని పూత, అది లేచిపోతే ఇక చేసేదేమీ లేదు. పారేయడమే అనుకుంటూ బాపు చేతికిచ్చాను.

బాపు గోటితో గీసి చూశాడు. "మంచిగున్నది. కొత్త పిస్టన్ ఏసియ్యి" అన్నాడు.

తమ్ముడి మొహం వెలిగిపోయింది. మర్నాడు హిమాయత్ సాగర్ వైపు కరెంటు తీగల మీద వాలిన చెట్లు కోయాలి. వాడు పోకపోతే కాంట్రాక్టర్ ఇంకొకరిని పెట్టుకుంటాడు, మళ్ళీ పిలవడు. నేను సిలిండర్ తీసుకుని వేలు మార్చి మరోసారి చూశాను. మళ్ళీ అక్కడే ఆగింది.

అది నడవదని కాదు, నడుస్తుంది. నేల మీద కట్టెలు కోసుకునేవాడైతే నేనే బిగించి ఇచ్చేదాన్ని. వీడు తాడు కట్టుకుని చెట్టు పైన ఉంటాడు. వేడెక్కాక ఇంజన్ సగం కోతలో ఆగితే, తెగీ తెగని కొమ్మ చీలి వాడి మీదికే వస్తుంది. పోయిన వానాకాలం వేరే మిషన్‌తో అలాగే జరిగింది. భుజం చీరుకుపోయి ఇంటికొచ్చాడు. ఆ రక్తం తుడిచింది నేనే.

ఇంకో సంగతి కూడా నన్ను తొలుస్తోంది. ఆ పొద్దున బాపు ఒక్క చెప్పుతో దుకాణానికి వచ్చాడు. రెండోది దారిలో ఊడిపోయినట్టు ఆయనకు తెలియనే లేదు. "ఎవలికి దానం చేసినవ్ బాపు?" అని నవ్వాను. ఆయనా నవ్వాడు. ఎన్నో ఏళ్లుగా షుగర్. కాళ్ళకు పోయిన స్పర్శ చేతులకూ పోతోందా? కొడుకు ముందు ఆయనతో ఏమనాలి? నీ చేతికి తెలియడం లేదనా?

గ్యాస్కెట్ తెమ్మని తమ్ముణ్ణి బజారుకు పంపాను.

"బాపు, ఇంకోసారి చూడవా?"

కసురుకుంటాడనుకున్నాను, కసురుకోలేదు. ఈసారి చాలాసేపు గీశాడు. నెత్తి మీద విమానం దిగుతుంటే ఆ మోత పోయేదాకా ఆగాడు.

"నీకు తాకుతున్నదా?"

"తాకుతున్నది బాపు."

సిలిండర్ బల్ల మీద పెట్టి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. తమ్ముడు తిరిగొచ్చాక ఆయనే చెప్పాడు.

"ఇది పనికిరాదు. అవతల పారెయ్."

"ఇప్పుడే మంచిగున్నదంటివి గద!"

"మళ్ల చూసిన."

"అక్క చెప్పిందా? ఇగ రేపు నేనేం చెయ్యాలె?" తమ్ముడు గ్యాస్కెట్ బల్ల మీద విసిరికొట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. వాడి మీద కోపం రాలేదు. వాడు బతికి ఉండి ఎన్నాళ్ళు అలిగినా నాకు సమ్మతమే.

బాపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. కుడిచేయి చాచి బల్ల మీద పెట్టాడు.

"గోరుతోని గుచ్చు. ఏడిదాక పోయిందో చూద్దాం."

చూపుడువేలి కొసన నొక్కాను. ఆయన మొహంలో ఏమీ కదలలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. వేలి మీద నా గోటి గుర్తు ఎర్రగా పడింది. బాపు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"గుచ్చు బిడ్డా" అన్నాడు, "ఏం గాదు, గుచ్చు."