వద్దన్న ప్రమాణం

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ల తరబడి ఒక మాట నా కడుపులో అరగకుండా పడి ఉంది. దానివల్ల అన్నం మానలేదు, నిద్రా చెడలేదు, నన్నెవరూ నిలదీయనూ లేదు. మరి అరగలేదని ఎందుకంటున్నాను? చెప్పబోయేది తప్పా కాదా, తప్పయితే ఎంత తప్పు, ఎక్కడ మొదలైంది? ఇవేవీ నాకు ఇప్పటికీ తేలలేదు. మీరైనా తేల్చండని అడగడం లేదు. వింటే చాలు.

ప్రొద్దుటూరులో మాకొక షెడ్డు ఉండేది. మాకు అంటే నాకూ, మా బావకూ. బావంటే మా పెద్దక్క మొగుడు. ఇద్దరం ఆచారులమే, చెక్కపొట్టులో పెరిగినవాళ్లమే. కానీ చెక్కను వంచే పని పట్టుబడింది బావకే. పల్చటి ప్లై షీట్లకు జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వంపు తిరిగిన అచ్చు మీద పెట్టి, చుట్టూ క్లాంపులు బిగిస్తాం. జిగురు ఆరాక అవన్నీ ఒకే బల్ల అయిపోయి అచ్చులో ఉన్న వంపు అలాగే నిలిచిపోతుంది. కుర్చీ వీపులు, సోఫా చేతులు, ఊయల బల్లలు అట్లా చేసేవాళ్లం. ఈ పనిలో తొందరపడి క్లాంపులు విప్పకూడదు. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

పని ఇద్దరిదీ అయినా ఊళ్లో అందరూ దాన్ని బావ షెడ్డనే అనేవాళ్లు. నాకు కష్టంగా ఉండేదా? అప్పుడడిగి ఉంటే లేదనేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

చాపాడు దగ్గర ఒక రైతు కొత్త ఇల్లు కట్టుకుని, వాళ్లమ్మ కోసం ఊయల చేయమన్నాడు. ఆమెకు నడుము నొప్పి. కూర్చునే బల్లా, వీపు ఆనుకునే బల్లా ఒకే వంపులో రావాలన్నాడు. బావ ఇష్టంగా అచ్చు కోశాడు. తీరా జిగురు కలుపుతుండగా జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. బావను తల్లిలా పెంచిన పెద్దమ్మ పోయింది. కలిపిన జిగురు మన ఏడుపు అయ్యేదాకా ఆగదు, గట్టిపడిపోతుంది. బావ మోచేత్తో కళ్లు తుడుచుకుంటూనే షీట్లకు పూసి, నాతో కలిసి క్లాంపులు బిగించి, "రేపు పొద్దు గూకేదాకా ముట్టుకోవాకప్పా" అని చెప్పి బండెక్కాడు.

మర్నాడు పొద్దున రైతు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం నుంచి అమావాస్య గడియలు పడతాయట. అది దాటితే ఆషాఢం. ఆషాఢంలో కొత్త సామాను ఇంట్లోకి తెచ్చుకోరు కదా. మధ్యాహ్నంలోపల ఊయల గడప దాటకపోతే తమకు వద్దనీ, వేరేచోట చూసుకుంటామనీ అన్నాడు. నెల ఆగండని బతిమాలవచ్చు. అడగలేదు. బావకు ఫోన్ చేయవచ్చు. చావింట్లో ఉన్న మనిషిని క్లాంపుల సంగతి అడగడమేమిటని చేయలేదు. నిజంగా అందుకేనా? బావ లేకపోయినా ఈ షెడ్డు నడుస్తుందని ఒక్కసారి చూపించుకోవాలనిపించి, అడిగితే వద్దంటాడని తెలిసే అడగకుండా ఉండిపోయానా? ఆ పొద్దుటి నా మనసులోకి మళ్లీ ఎన్నోసార్లు తొంగి చూశాను. ఒకసారి ఒకలా కనిపిస్తుంది, ఇంకోసారి ఇంకోలా.

క్లాంపులు విప్పాను. వంపు కదల్లేదు. తట్టి చూస్తే గట్టిగానే మోగింది. అంచులు చిత్రిక పట్టి, ఒక చెయ్యి పాలిష్ పూసి ఆటోలో పంపించాను. కర్మాంతరాలు ముగించుకుని వచ్చిన బావ ఊయల సంగతి అడిగితే, "నువ్వు చెప్పిన పొద్దుకే ఇప్పి పంపినా బావా, వాళ్లకు అమావాస్య పట్టింపు లేదంట" అన్నాను. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

వానలు వెనకపట్టు పట్టాక ఒకరోజు ఆ బల్ల సరిగ్గా వంపు దగ్గర పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. ఆ సమయానికి పెద్దావిడ దాని మీద కూర్చుని ఊగుతోంది. తుంటి ఎముక విరిగింది. ఆమె మళ్లీ ఎవరి ఆసరా లేకుండా నడవలేదు.

రైతు షెడ్డుకు వచ్చాడు. అరిచి గీపెడతాడనుకున్నాను, అరవలేదు. విచ్చుకున్న ముక్క తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టాడు.

"ఈ జిగురు కలిపింది ఎవురు?"

"నేనే" అన్నాడు బావ.

"మరి ఎట్ల ఇడిసిపెట్టింది?"

బావ ఆ ముక్కను తిప్పి తిప్పి చూస్తున్నాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అయినా నేను నోరు తెరిచాను.

"జిగురు కలుపుతాండంగానే సావు కబురొచ్చింది పెద్దాయనా. ఆ ఏడుపులో గూడా పాపం పని ఇడ్సకుండా చేసినాడు బావ."

ప్రతి ముక్కా నిజమే. వెతికినా ఇందులో ఒక్క అబద్ధం దొరకదు. నేను బావ మీద జాలితోనే అన్నానని ఎవరైనా ఒట్టేసి చెబుతారు.

రైతు ముఖం మారిపోయింది. "మైల చేతుల్తో చేసినారా దీన్ని? దీని మీదనా మాయమ్మను కూచోబెట్టింది?"

"జిగురు పాళ్లు తప్పలేదు పెద్దాయనా" అన్నాడు బావ. "కావాలంటే బ్రహ్మంగారిమఠానికి పోదాం పాండి. సామి ముందర నిలబడి చెప్తా."

మా వాళ్లలో ఆ మాటకు తిరుగు లేదు. పనిలో తగాదా తెగకపోతే, ఆ పని మీద చెయ్యి పెట్టినవాళ్లంతా మఠానికి పోయి ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి. ఒక్కడు చెబితే చెల్లదు. బావ చెబుతాడు. ఆ తర్వాత నేను. క్లాంపులు ఎప్పుడు విప్పానో సామి ముందర చెప్పాలి. లేచి బావ భుజం మీద చెయ్యి వేశాను.

"వద్దులే బావా. ప్రమాణాలెందుకు? పొరపాటు ఎవురికైనా జరుగుతాది. నిన్ను సామి దాకా లాగితే నేనేం మనిషిని?"

రైతు నా వంక చూశాడు. "బామ్మర్దంటే నువ్వప్పా" అని లేచి వెళ్లిపోయాడు. బావ నా వంక చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాణ్నా? ఏమో.

ఆ తర్వాత నేను ఎవరి దగ్గరా ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన పని లేకపోయింది. బామ్మర్దే ప్రమాణం వద్దన్నాడంటే లోపల ఏదో ఉంది కాబట్టేనని ఊరే అనుకుంది. మైల చేతి బల్ల అన్న మాట చాపాడు నుంచి ప్రొద్దుటూరు దాకా పాకింది. సామాను చెప్పడానికి వచ్చినవాళ్లు, ఇది మీ బావ చెయ్యడు కదా అని మెల్లగా అడిగేవాళ్లు. బావ వంపు పని మానేశాడు. ఆషాఢం మళ్లీ రాకముందే అక్కను తీసుకుని పులివెందులకు పోయి, ఒకరి కొట్టులో దర్వాజాలూ కిటికీలూ చేసే పనికి కుదిరాడు. అన్నీ తిన్నని చెక్కలే. షెడ్డును ఇప్పుడు అందరూ నా పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడిదాకా అయితే నేను పాపినని ఒప్పుకుని ఊరుకుందును. కానీ ఒకటుంది. ఉండబట్టలేక ఒకసారి అదే జిగురుతో, అదే మందంలో ఒక బల్ల చేశాను. ఆ రోజులాగే పొద్దు గూకకముందే క్లాంపులు విప్పాను. విచ్చుకుంటుందని చూశాను. విచ్చుకోవాలనే చూశాను. వానలు పోయాయి, ఎండలు పోయాయి, అది చెక్కుచెదరలేదు. ఇప్పుడు మా ఇంట్లో కుర్చీకి వీపు అదే. మరి ఆ ఊయల ఎందుకు విచ్చుకుంది? వసారాలో జల్లు కొట్టి తడిసిందా? లేక ఆ ఏడుపులో నిజంగానే బావ చెయ్యి తప్పిందా? తప్పి ఉంటే నా మాటల వెనకున్న నింద కూడా నిజమే అవుతుంది. ఒకణ్ని ముంచాలని చెప్పిన మాట పొరపాటున నిజమైతే, ఆ చెప్పినవాణ్ని ఏమనాలి? ఆ కుర్చీలో వెనక్కి ఆనుకున్నప్పుడల్లా ఇదే ఆలోచన, తెగదు, తేలదు.

మొన్న పులివెందులలో అక్కవాళ్లింటికి వెళ్లాను. ఎవరో డాక్టరు ఆసుపత్రిలోకి వంపు తిరిగిన పెద్ద టేబుల్ చేసివ్వమని బావను ఇంటికొచ్చి మరీ అడిగాడట. బావ చేయనన్నాడట. ఎందుకు వదులుకున్నావని అడిగాను. అన్నం కలుపుతున్నవాడు కలుపుతున్నట్టే ఆగి అన్నాడు: "నా చెయ్యి మీద నాకే నమ్మకం ల్యాదప్పా. ఆ పొద్దు నేనే తప్పినానేమో. నువ్వు మఠానికి పోనీకుండా కాపాడినావు. పోయింటే సామి ముందర అబద్ధమాడిన పాపం తగులుకునేది."

అక్క నా విస్తట్లో ఇంకాస్త పప్పు వేసింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు, వచ్చింది. "తిను బావా, సల్లారిపోతాంది" అన్నాను.

బావ చేతిలో విద్య పోలేదు. అది తనదన్న నమ్మకం పోయింది. అది తీసుకున్నది నేను. బల్ల ఎందుకు విచ్చుకుందో ఎప్పటికీ తేలకపోవచ్చు, ఇది మాత్రం తేలిపోయింది. నిజం చెబితే ఆ చెయ్యి బాగవుతుందా, లేక ఉన్న ఒక్క బామ్మర్ది కూడా పోయి ఇంకాస్త విరిగిపోతుందా? నాకు తెలియదు. తెలియదన్నది కూడా నాకు దొరికిన ఇంకో సాకేమో.

క్లాంపులు విప్పింది నేను. పొద్దు గూకకముందే విప్పాను. బావకు అబద్ధం చెప్పాను. మఠానికి వద్దన్నది బావ కోసం కాదు, నా కోసం. ఆ మనిషికి చెప్పాల్సిన మాటలు ముక్కూ మొహం తెలియని మీకు చెప్పాను. చెప్పాక గుండె మీద నుంచి ఏదో దిగినట్టే ఉంది. బావ అక్కడ కిటికీ చెక్కలు కోసుకుంటుండగా నాకిక్కడ ఇంత తేలిగ్గా ఉండకూడదు. అయినా ఉంది.