వెండెల్ వీరుణ్ణి చావనివ్వకండి

విస్కాన్సిన్‌లో పాల ట్యాంకరు తోలే వెండెల్ జాస్ట్రోకి ఇద్దరంటే మహా గర్వం. ఒకరు వాళ్లమ్మ. రెండోవాడు గ్రుంబాల్డ్.

గ్రుంబాల్డ్ నిజం మనిషి కాదు. ఆదివారం చర్చి అయ్యాక బెర్నడెట్ కుబియాక్ ఇంటి నేలమాళిగలో పాచికలతో ఆడే కథల ఆటలో వెండెల్ పాత్ర. గొడ్డలి పట్టిన మరుగుజ్జు వీరుడు. స్కూలు బస్సు నడిపే బెర్నడెట్ ఆ ఆటకు సూత్రధారి. గుహలో ఏ రాక్షసుడు కాచుకుని ఉన్నాడో ఆవిడ చెబుతుంది. తన వీరుడు ఏం చేస్తాడో ఎవరికి వారు చెబుతారు. దెబ్బ తగిలిందా తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది; అంకె ఎంత పెద్దదైతే దెబ్బ అంత గట్టిది.

ఆ బల్ల దగ్గర మొదటినుంచీ ఒక ఆచారం ఉంది. ఎవరి వీరుడు చస్తే వాళ్లు మరుసటి ఆదివారం దినం భోజనంలాగా అందరికీ వండి తేవాలి. మిగతావాళ్లు నల్లబట్టలు వేసుకొచ్చి, పోయినవాడి గొప్పలు చెప్పుకుంటూ, పెట్టింది మిగల్చకుండా తినాలి. బెర్నడెట్ తమ్ముడు డేల్ అయితే చచ్చి చచ్చి సాసేజీలు కాల్చడంలో చెయ్యి తిరిగినవాడయ్యాడు.

వెండెల్ మాత్రం ఆట కొత్తలో ఒక్కసారే చచ్చాడు. తర్వాత వచ్చిన ఈ గ్రుంబాల్డ్‌ని చంపే పాచిక ఇంకా పుట్టలేదని పాలు పోసే రైతులందరికీ చెప్పుకునేవాడు.

ఆ చలికాలం ఊరి లైబ్రరీలో ఉద్యోగానికొచ్చిన సీగ్రిడ్ ఆటలో చేరి, బెర్నడెట్ పక్కన కూర్చుంది. ఆవేళ ఒక రాక్షసుడు గ్రుంబాల్డ్ మీద దుడ్డుకర్ర ఎత్తాడు. బెర్నడెట్ అట్టతెర చాటున పాచిక వేసి, "తప్పింది" అంది.

"అదేంటండీ, ఇరవై పడిందిగా! తల ఎగిరిపోవాలి కదా?" అంది సీగ్రిడ్.

డేల్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. "కొత్తదానివి, నీకు తెలీదు. అది ఆరు."

"లైబ్రరీలో పనిచేస్తున్నానండీ, అంకెలు చదవడం వచ్చు."

వెండెల్ లేచి తెర మీంచి తొంగి చూశాడు. "ఎన్నాళ్లనించి బెర్నీ ఈ బాగోతం?"

ఆవిడ పెన్సిలు చెక్కుకోసాగింది. డేలే నోరు విప్పాడు. "ఏమనుకోకురా. నువ్వు పోతే మేం తట్టుకోలేం."

"అంత ప్రేమా?"

"ప్రేమ కాదురా, అప్పుడు నువ్వు చచ్చి వండి తెచ్చావే, మీ అమ్మ కేసరోల్! ఊరవేసిన చేప, డబ్బా బఠాణీలు, నూడుల్సు, పైన చీజు! ఆ వాసన నా కోటుని ఎండాకాలం దాకా వదల్లేదు!"

వెండెల్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. అమ్మ వంటని అన్నందుకు కాదు. ఇన్నేళ్ల తన వీరత్వం వీళ్లు జాలిపడి వేసిన ముష్టా అని ఒళ్లు మండింది. మెట్లెక్కి పైకి వెళ్లి, మంచులో కాసేపు పచార్లు చేసి, తిరిగి వచ్చాడు.

"ఆ రాక్షసుడు ఉన్నాడా, పోయాడా?"

"ఉన్నాడు."

"గ్రుంబాల్డ్ గొడ్డలి పారేసి, వాడి నోట్లోకి దూకుతున్నాడు."

"ఒరేయ్ ఒరేయ్! తాడేసి లాగుతున్నా!" అని డేల్ అరిచాడు.

"తాడు ముట్టుకున్నావంటే చూడు. బెర్నీ, పాచిక తెర ముందు వెయ్యి."

వేసింది. గ్రుంబాల్డ్ రాక్షసుడికి ఒక్క గుటక అయ్యాడు.

"పోనీ ఆచారం మానేసి పిజ్జా తెప్పించుకోకూడదా?" అంది సీగ్రిడ్ బెదురుగా.

డేల్ నిట్టూర్చాడు. "నేను సాసేజీలు బొగ్గు చేసిన రోజుల్లో వీళ్లంతా కిక్కురుమనకుండా తిన్నారమ్మా. ఇప్పుడు ఏ మొహంతో మానమంటాను?"

మరుసటి ఆదివారం నల్లబట్టల్లో అందరూ కూర్చున్నారు. వెండెల్ మూత తీయగానే బెర్నడెట్ పెంపుడు పిల్లి పైకి పరిగెత్తింది. వెండెల్ ముందు తనే ఓ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"అమ్మ చేసినట్టే కుదిరింది."

"అమ్మ చేస్తే బాగుండేదా?" అడిగాడు డేల్.

వెండెల్ ఆలోచించాడు. "లేదురా. నాన్న తినేవాడు, మేమూ తినేవాళ్లం. బాగుందా లేదా అని ఎవరూ అడగలేదు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. నవ్వుతూనే, ముక్కు మూసుకుని, పళ్లాలు ఖాళీ చేశారు. పోయినవాడి గొప్పలు చెప్పాల్సి వచ్చేసరికి డేల్ గొంతు సవరించుకుని ఆగిపోయాడు. ఏది నిజం గెలుపో, ఏది అక్క దయో తనకీ తెలియదు.

బెర్నడెట్ అంది: "వంతెన మీద గ్రుంబాల్డ్ ఒక్కడే నిలబడి ట్రోల్ రాక్షసుణ్ణి నరికాడు చూడు, ఆ రోజు నేనేం మార్చలేదు. చస్తావనే అనుకున్నా. ఆ ఇరవై నువ్వేసిందే."

"నిజంగా?"

"మేరీమాత సాక్షిగా."

వెండెల్ చెంచా కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏదీ, సీగ్రిడ్ వినలేదేమో. ఇంకోసారి చెప్పు, కాస్త గట్టిగా."