టికెట్ చివరి అంకె

మా లెక్కల సార్ పోయిన మంగళవారం మదనపల్లెలో కన్నుమూశారు. కబురు తెచ్చినాయన "మీకు బాగా కావలసినవారు గదమ్మా" అన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అది నాకు చేతకాదు.

ఎనభైల మొదట్లో ఆయన దగ్గర కాలేజీలో ట్యూటర్‌గా ఉండేదాన్ని. బండ మీద పాచి, గోడ మీద చెమ్మ మరక కొమ్మలు కొమ్మలుగా ఎందుకు పాకుతాయో లెక్కలో పట్టుకోవాలని ఆయన పిచ్చి. గ్రాఫు కాగితం నడుమ ఒక చుక్క పెట్టేవారు. అంచు నుంచి ఇంకో చుక్క తాగుబోతులా గడి గడి నడిచి, దాని పక్కకు రాగానే అంటుకుపోవాలి. తర్వాత మరొకటి. ఎటు నడవాలో మనం ఎంచకూడదు, వరస లేకుండా వచ్చే అంకె చెప్పాలి. ఒకటైతే పైకి, రెండు కుడికి, మూడు కిందికి, నాలుగు ఎడమకి. మిగతావి వదిలెయ్యాలి.

కంప్యూటర్ లేదు. "అంకెలకేమమ్మా, దినామూ పుంగనూరు బస్సులో వస్తాండావు గదా. టికెట్ల చివరి అంకెలు తీసుకో" అన్నారు. బస్టాండులో జనం పారేసిన టికెట్లు ఏరాను. చదువుకున్న పిల్ల చెత్త ఏరుకుంటోందని మా వీధంతా నవ్వింది. ఆయన మాత్రం పెన్సిల్ తానే చెక్కి నా చేతికిచ్చేవారు. పొగడ్త అనేది ఆ నోట ఒక్కసారీ వినలేదు.

"కొమ్మల నడుమ అంత ఖాళీ ఉండాది గదా సార్, చుక్కలు ఆడికి యాల పోవు?" అని అడిగాను.

"పోయేలోగానే ఏదో కొమ్మకి తగులుకుంటాదమ్మా. ఎనక వొచ్చినోళ్లకి బయటే సోటు."

కుప్పం సెమినార్‌లో మాట్లాడవలసింది నేనే. నా ఉద్యోగం పర్మనెంట్ కావడం దాని మీదే ఉంది. కాగితం బోర్డుకు తగిలించాను. ముందు వరుసలో ఒక పెద్దాయన పెన్సిల్ గీతలు చూసి, "చుక్కలు గుండ్రంగా తిరిగి బయల్దేరిన గడికే వస్తాండాయే?" అన్నారు. అప్పుడు వెలిగింది. ఇంటిల్లిపాదీ కలిసి వరస నంబర్ల టికెట్లు తీసుకుంటారు, దిగి ఒక్కచోటే పారేస్తారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పైకి, కుడికి, కిందికి, ఎడమకి. సార్‌కీ అప్పుడే అర్థమైంది, మొహంలో కనబడింది. లేచి, "అంకెలు ఏరింది ఈ అమ్మాయే. అజాగ్రత్త" అని కూర్చున్నారు.

ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. నేను పుంగనూరులో బడిపంతులమ్మనయ్యాను.

కొన్నేళ్లకు మా బడి గేటు దగ్గరికి వచ్చారు. "టికెట్ల మాట నాదేలేమ్మా" అన్నారు.

"ఆ మాట కుప్పంలో చెప్పాల్సింది సార్" అన్నాను.

చెక్కిన పెన్సిల్ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఇప్పటికీ గోడ మీద మరక కనబడితే ఆగి చూస్తాను. ఆ చూపు ఆయన పెట్టిందే, కాదంటే అబద్ధమవుతుంది.

వెళ్లకూడదనుకుంటూనే మదనపల్లెలో సార్ ఇంటికి వెళ్లాను. సందుల్లోంచి జనం ఒక్కొక్కరే వచ్చి, ముందున్నవాళ్ల భుజం తగలగానే ఆగిపోతున్నారు. వాకిట్లో పడుకోబెట్టిన సార్ చుట్టూ జాగా ఉంది, ఎవరూ అక్కడిదాకా పోవడం లేదు. నేనూ గేటు దగ్గరే ఆగాను. నా ముందున్నాయన పక్కాయనతో చెబుతున్నాడు: "పుంగనూరామె ఎవురో అంకెలు తప్పు తెచ్చి సార్ పని చెడగొట్టిందంట."

"ఆమెను నేనే. టికెట్లు ఏరమన్నది ఆయనే" అన్నాను, అందరికీ వినబడేలా.

ఇద్దరూ తిరిగి చూశారు. ఎవరూ జరగలేదు. కాసేపటికి నా వెనక ఇంకెవరో వచ్చి ఆగారు.