పద్మజ మేడం అందాజ

బాన్సువాడలో ఉప్పుడు బియ్యం మిల్లు పక్క సందులోకి తిరగగానే ఉడికిన వడ్ల వాసన వచ్చింది. వెచ్చగా, కొంచెం పుల్లగా ఉంటుంది. ఒక ఏడాది పాటు ప్రతి సాయంత్రం ఆ వాసనలో కూర్చుని శాతాలు, నిష్పత్తులు నేర్చుకున్నాను. మొన్న వెళ్ళింది ఆ సందులోని పద్మజ మేడం ఇంటికి, ఆమె పెద్దకర్మకు. భోజనాలయ్యాక ఆమె తమ్ముడు నన్ను లోపలికి పిలిచి, అంటించి ఉన్న చిన్న గోధుమరంగు కవరు చేతికిచ్చాడు. పైన మేడం చేతిరాత: 'సరిత, సీఈసీ రెండో సంవత్సరం'. ఎనిమిదేళ్ల కిందట తెరవాల్సిన కవరు అది. వెంటనే తెరవలేకపోయాను. బయటకు వచ్చి మిల్లు గోడ పక్కన నిలబడ్డాను. ఫోనులో, మా జూనియర్ కాలేజీలో ఇప్పుడు చదువుతున్న రుద్రూర్ అమ్మాయి మెసేజ్ అలాగే ఉంది: 'అక్కా, నాకు బీబీఏల సీటొస్తదా?' మూడు రోజులైనా జవాబివ్వలేదు. ఆ పిల్ల మార్కులు చూశాక ఏం చెప్పాలో తోచలేదు.

మేడం మా జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేవారు. కోటగిరి వైపు క్యాంపులో పుట్టారు. కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను మా దగ్గర ఇప్పటికీ క్యాంపులే అంటారు. మామూలుగా వాళ్లింటి తెలుగే మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం మా తెలుగు. "ఏంది గిది?" అన్నారంటే క్లాసంతా నవ్వు ఆపుకోలేకపోయేది. చివరికి ఆమె కూడా నవ్వేసేవారు.

సీటొస్తుందా అని ఆమెను ఎవరడిగినా ఒకటే మాట: "నన్నడుగుతావేంటే? నీ అందాజ నువ్వు చెప్పు." అందాజ అంటే అంచనా, మా ఇళ్లలో పొలం మాట. కోతకు ముందు మా నాన్న చెరుకు తోటలో మూడు చోట్ల ఆగి, దుబ్బుకు ఎన్ని గడలున్నాయో చూసి, ఎంత దిగుబడి వస్తుందో చెప్పేవాడు. మేడం ఆ మాటను చదువులోకి తెచ్చుకున్నారు. పరీక్షకో ఇంటర్వ్యూకో పోయే ముందు పిల్లలు తమకు సీటొచ్చే అవకాశం పదికి ఎంతో కారణంతో సహా రాయాలి. ఆమె కూడా రాసి, వేరే కవరులో అంటించేవారు. ఫలితం వచ్చిన రోజు రెండూ తెరవాలి. "అందాజ తప్పితే ఏం కాదు. ఎక్కడ తప్పిందో చూసుకోకపోతేనే తప్పు" అనేవారు.

నాకు హైదరాబాదులో ఒక పేరున్న కాలేజీలో బీబీఏ చదవాలని ఉండేది. ప్రవేశ పరీక్షలో సగం లెక్కలే. నేను పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టలేదు, అందుకే సాయంత్రాలు మేడం దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. మా నాన్నకైతే ఆ చదువే నవ్వులాటగా తోచింది. ఒకరోజు మేడం ఇంటి అరుగు మీద కూర్చుని, "బేరం నేర్వనీకి కాలేజెందుకు మేడం? సంతనాడు నా ఎంబడి బిచ్కుందకు వస్తే సాలదా?" అన్నాడు.

"సంతలో ధర ఎవరు చెప్తారన్నా? మీరా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. "కొనేటోళ్లే చెప్తరు."

"ఎట్లా చెప్తారో నేర్చుకు రానివ్వండి."

"సీటొస్తదని మీకు నమ్మకమేనా?"

"నేనే వెంట తీసుకెళ్తానన్నా" అన్నారు మేడం. అది ఆ ప్రశ్నకు జవాబు కాదని మా ఇద్దరికీ తట్టలేదు. నాన్న ఒప్పుకున్నాడు.

పరీక్షలో గట్టెక్కాను, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. అప్పుడు బయటపడింది నేను చేసిన తప్పు. దరఖాస్తు నింపిన రోజు ఇంటర్నెట్ సెంటర్ అన్న, 'తండ్రి వృత్తి' గడి దగ్గర ఆగి, "బిజినెస్ కోర్సుకు పోతున్నవ్, నాయిన యవుసం అని రాస్తే సీటిస్తరా? బిజినెస్ అని కొడ్తున్న" అన్నాడు. నిజమే అనిపించి సరేనన్నాను. ప్రింటు చూసిన మేడం, "ఏంది గిది? మీ నాయిన దుకాణం ఎప్పుడు పెట్టిండు?" అన్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. దిద్దుకునే గడువు దాటిపోయింది. నేను ఏడుస్తుంటే, "అడిగితే తప్పు రాశానని చెప్పు. అడక్కపోతే నువ్వే చెప్పు" అన్నారు. తర్వాత ఇద్దరం చీటీలు రాసి కవర్లు అంటించాం. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం.

ఇంటర్వ్యూలో అడిగారు. "మీ నాన్నగారిది ఏం వ్యాపారం?" తప్పు రాశానని చెప్పాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకాయన, "మరి ఆయన ఏం చేస్తారు?" అన్నాడు. దుబ్బులు చూసి దిగుబడి చెప్పడం గురించి, చెప్పిన లెక్క సరిపోయినా ధర తన చేతిలో లేకపోవడం గురించి నాకు వచ్చినట్టు చెప్పాను. బయట మేడం మెట్ల మీద టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "గడల సంగతి చెప్పావా?" "చెప్పిన మేడం." "అయితే తిను."

మొదటి జాబితాలో నా పేరు లేదు. రెండో దానిలో వచ్చింది. పరుగెత్తుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. నా చీటీలో పదికి రెండు అని ఉంది. "ఎక్కడ తప్పావో రాసుకో" అన్నారు. "మరి మీది?" అంటే, "ముందు ఇంటికి పోయి బట్టలు సర్దుకో" అని కసిరారు. తాను పెట్టిన నియమం ఆమె తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. తొమ్మిదో పదో వేసి ఉంటారు, నాకు పొగరెక్కుతుందని దాచారు అనుకున్నాను. హాస్టల్లో, తర్వాత హైదరాబాదులోనే ఉద్యోగంలో, నా వల్ల కాదనిపించిన ప్రతిసారీ ఆ తొమ్మిదిని తలుచుకున్నాను. ఒకరు నా మీద అంత నమ్మకం పెట్టారు కదా అని.

మిల్లు గోడ పక్కన కవరు చించాను. రూళ్ల కాగితం ముక్క.

'సరిత. పదికి ఒకటి. లెక్కలు ఆలస్యంగా మొదలుపెట్టింది, పరీక్షలో మార్కులు తక్కువ. ఫారంలో తప్పు.'

దాని కింద, అదే పెన్నుతో:

'పొద్దున అయిదున్నర బస్సు. ఇద్దరికీ పులిహోర.'

పై నుంచి మళ్లీ చదివాను. ఎనిమిదేళ్లుగా నేను పట్టుకు నడిచిన తొమ్మిది ఎక్కడా లేదు. ఉన్నది ఈ ఒకటి, దాని కింద పులిహోర. దీని ముందు ఆ తొమ్మిది చిన్నదే అనిపించింది.

ఫోను తీసి రుద్రూర్ అమ్మాయికి రాశాను: 'కష్టమే. నా అందాజ పదికి రెండు. నీది నువ్వు రాసి దాచుకో. పరీక్షకు ఏ బస్సుకు వస్తున్నవో చెప్పు, హైదరాబాదుల బస్టాండుకు వస్త. తిననీకి నేను తెస్త.'