నాయకుడి దగ్గరికి నిమ్మకాయతో

చికాగోలో చదువుకుంటున్న నా మనవరాలు మొన్న ఫోన్ చేసి, వాళ్ల వార్డులో నగర సభకు నిలబడ్డ ఒకావిడ కోసం ఇంటింటికీ తిరిగి కాగితాలు పంచుతున్నాననీ, రాష్ట్ర సభకు పోటీ చేస్తున్నాయన్ని ఇంటి అద్దెల గురించి నిలదీశాననీ గొప్పగా చెప్పింది. చదువు మాని ఈ తిరుగుళ్లేమిటని కసిరాను గానీ, ఫోన్ పెట్టేశాక చేతిలో పని మీద మనసు నిలవలేదు. ఆ పిల్ల మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు, దాని కోసమే నేనూ సింగపూర్‌లో ఒక నాయకుడి ముందు కూర్చున్నాను.

అవి కంప్యూటర్ చదివినవాళ్లను విమానాలెక్కించి మరీ రప్పించుకుంటున్న రోజులు. నా కూతురివీ అల్లుడివీ బుకిట్ పంజాంగ్ ఫ్లాటులో నుంచి పొద్దున పోతే చీకటి పడ్డాకే తిరిగొచ్చే ఉద్యోగాలు. కూతురి ప్రసవపు సెలవు అయిపోవస్తుండగా, నా వీసా పొడిగించేది లేదని కాగితం వచ్చింది. రెండు వారాల్లో నేను వెళ్లిపోవాలి. వెళితే బిడ్డను చూసే దిక్కులేక కూతురు ఉద్యోగం మానుకోవాలి. ఆ పేట ఎంపీ వారానికోసారి సాయంత్రం బ్లాకు కింద బల్ల వేసుకొని జనం గోడు వింటాడని పక్కింటి తమిళావిడ చెప్పింది.

మన వైపు పెద్దవాళ్ల దగ్గరికి వట్టి చేతులతో వెళ్లం కదా. పూలదండలకు డబ్బు తగలెయ్యడం ఇష్టంలేక, మచ్చలేని నిమ్మకాయ ఒకటి ఏరి కొంగున కట్టుకున్నాను. కూతురితో వెళ్లి కూర్చుని, మా వంతు రాగానే దాన్ని రెండు చేతులతో ఆయన ముందు పెట్టాను. పక్కన కాగితాలు రాస్తున్న పిల్ల కంగారుగా, "నో నో ఆంటీ, కెనాట్ లా!" అని అక్కడి యాసలో అంటూ దాన్ని తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"అమ్మా, పరువు తీశావే! లంచమనుకుంటారు," అంది కూతురు పళ్ల బిగువున.

"నిమ్మకాయ లంచమేమిటే? ఈ దేశంలో అంత కరువా?" అన్నాను.

కూతురు ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే ఉండబట్టలేక మధ్యలో నేనూ తెలుగులో అందుకున్నాను. ఆ ఎంపీ చైనీసాయన, నా తెలుగు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, చెయ్యెత్తి కూతుర్ని ఆపి, నేను చెప్పడం అయ్యేదాకా నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా మాటలన్నీ కూతురి చేత ఇంగ్లీషులో చెప్పించుకొని రాసుకున్నాడు.

అయినా మన ఊళ్లో నాయకుడు నిమ్మకాయ పుచ్చుకోలేదంటే పని కాదన్నట్టే లెక్క. ఇక నాకు కూర్చుంటే కుదురులేదు, పడుకుంటే నిద్రలేదు. పెట్టె సర్దేదాన్ని, మళ్లీ విప్పేదాన్ని. ఉత్తరాల డబ్బా చూడ్డానికి ఊరికే కిందికి దిగుతుంటే, "పోస్టుమ్యాన్ రోజుకి ఒక్కసారే వస్తాడండీ అత్తయ్యా," అని అల్లుడు నవ్వేవాడు. వేరే చెయ్యి అలవాటవుతుందని బిడ్డను పక్కింటావిడ ఒళ్లో పెట్టి, అది పెదవి విరిచేలోపే లాక్కునేదాన్ని.

గడువు ఇంకా మూడు రోజులుందనగా ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు ఉండవచ్చట! వీసా ఆఫీసు వాళ్లకు ఎంపీ రాసిన ఉత్తరం నకలు కూడా అందులో ఉంది. బిడ్డ ఈవిడ భుజం మీద తప్ప నిద్రపోదని, నేను చెప్పిన మాటే రాశాడాయన. ఆ ముక్క కూతురి చేత రెండుసార్లు చదివించుకున్నాను.

ఇప్పుడు నేను సింగపూర్ వచ్చినప్పుడల్లా కూతురు సోఫాలోంచి లేవకుండానే ఫోన్‌లో నొక్కి నా గడువు పొడిగించేస్తుంది. సులువే, నేను కాదనను. కానీ అందులో పేరూ, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరూ అడుగుతారే గానీ, ఈవిడ ఇక్కడ ఎవరికి కావాలని మాత్రం ఎవరూ అడగరు.